చివరి నలభై ప్రశ్నలు

మా ఇంటికి ఏ కాగితం వచ్చినా నింపేది నేను, సంతకం పెట్టేది మా ఆయన. పిల్ల బడి దరఖాస్తు కానివ్వండి, కరెంటు మీటరు ఫిర్యాదు కానివ్వండి, నేను రాసి, సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ పెట్టి ఇస్తాను. ఆయన ఆ ఇంటూ తప్ప ఇంకేమీ చూడరు. డిగ్రీ చదివింది ఇందుకేనా అని మొదట్లో అనిపించేది. తర్వాత అనిపించడం మానేసింది.

ఆయన బస్సు డ్రైవరు. ఐదు నెలల కిందట ఒక వానరోజు మలుపులో ఎవరో సైకిలు మనిషి అడ్డం వస్తే, బ్రేకు వేసి బస్సును రోడ్డు మధ్య గట్టు మీదికి ఎక్కించారు. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ మర్నాడు డ్యూటీకి వెళ్ళి, సీట్లో కూర్చుని, తాళం తిప్పకుండా పావుగంట అలాగే ఉండిపోయారట. డిపో మేనేజరు వచ్చి దింపి, విశ్రాంతి తీసుకోమని ఇంటికి పంపారు.

విశ్రాంతి ఆయనకు. నాకు కాదు. మొదటి నెలలో వంటింటి డబ్బాలన్నీ ఎత్తుల వారీగా సర్దారు. రెండో నెలలో వాటికి చీటీలు అంటించారు. ఉప్పు చేతికందని చోటికి పోయింది. ఎందుకండీ ఇలా అంటే, బస్సులో నిలబడేవాళ్ళను ఇలాగే సర్దుతాం, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక అన్నారు.

మళ్ళీ బస్సు ఇవ్వాలంటే డిపోలో మనస్తత్వ పరీక్షలు చేసే మేడమ్ దగ్గర ఒక ప్రశ్నావళి నింపాలి. పేరు ప్రశ్నావళే గానీ ప్రశ్న ఒక్కటీ లేదు, అన్నీ వాక్యాలే, నూట ఇరవై. ప్రతిదానికీ 'అవును', 'కాదు', 'చెప్పలేను' అని మూడు గళ్ళు. మన గురించి మనమే టిక్కు పెట్టుకోవాలి. మనిషి తన బతుకుతో ఎంతవరకు సర్దుకుపోయాడో దాన్నిబట్టి తెలుస్తుందట. రెండుసార్లే అవకాశం. రెండోసారీ తప్పితే స్టీరింగు మరిచిపోయి టిక్కెట్ల గదిలో కూర్చోవాలి. అలా కూర్చోబెడితే ఉద్యోగం మానేస్తానని ఈయన తెగేసి చెప్పారు. మానేస్తే డబ్బాలు ఉండనే ఉన్నాయి.

మొదటిసారి డిపోలోనే పనిచేసే స్నేహితుడొకాయన తర్ఫీదు ఇచ్చాడు. ఆయన్ని అందరూ సలహారావు అంటారు. మంచి మాట కనబడితే అవును, చెడ్డ మాట కనబడితే కాదు, ఇంతే బావా అన్నాడు. ఈయన అలాగే చేశారు. నేనెప్పుడూ అబద్ధమాడలేదు, అవును. నాకు జీవితంలో ఒక్కసారి కూడా కోపం రాలేదు, అవును. మనిషి నిజం చెబుతున్నాడో లేదో చూడడానికే అలాంటి వాక్యాలు మధ్యమధ్య పెడతారని సలహారావుకు ఎలా తెలుస్తుంది?

"అన్నిటికీ దేవుడిలా జవాబిచ్చారు. దేవుడికి మేం బస్సు ఇవ్వం" అందట ఆ మేడమ్.

రెండోసారి నేను వెంట వెళ్ళాను. పరీక్ష గదిలో సున్నం వేస్తున్నారని గుమాస్తా మమ్మల్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, గంటన్నరలో ఇచ్చేయండని కాగితాలు చేతిలో పెట్టి పోయాడు. ఈయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయారు. దూరం శుభ్రంగా కనబడుతుంది, దగ్గరున్నదే కనబడదు. ఇది కళ్ళ డాక్టరు మాటే, నాది కాదు. కాగితాలు అలవాటుగా నా ఒళ్ళోకి వచ్చాయి. పెన్ను నా సంచీలోనే ఉంది.

నేను గొంతు తగ్గించి చదవడం, ఆయన చెప్పడం, నేను టిక్కు పెట్టడం. చిన్న విషయాలకే చిరాకు వస్తుంది అని చదివాను. కాదు అన్నారు. నేను తలెత్తి చూశాను. ఆ ఉదయమే గరిటె తిరగేసి పెట్టానని పది నిమిషాలు ఉపన్యాసమిచ్చిన మనిషి. సరే, అవును అన్నారు. అలా ఒక్కొక్కటీ బియ్యంలో రాయి ఏరినట్టు ఏరుకుంటూ ఎనభై దాకా వచ్చేసరికి గంట దాటింది. ఆయన లేచి వరండా చివరికి వెళ్ళి, ఆవరణలో నిలబెట్టిన బస్సుల వైపు చూస్తూ నిలుచున్నారు.

"ఏవండీ, ఇంకా నలభై ఉన్నాయి."

"నా సంగతి నీకు తెలియనిదేముంది? నింపెయ్" అన్నారు, ఇటు తిరక్కుండానే.

నింపేశాను. ఆయన గురించే ఆలోచించి నింపాననే ఇప్పటికీ చెబుతాను. నేను మాట్లాడుతుండగానే ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోతారు. అవును. రోజంతా చేసినా ఏమీ చేయనట్టే ఉంటుంది. అవును. ఇంట్లో నాకంటూ ఒక చోటు లేదు. అవును. తలుపేసుకుని ఒక గంట ఎవరికీ కనబడకుండా ఉండాలనిపిస్తుంది. ఆ టిక్కుకు కాగితం చిరిగింది. చివరి పేజీలో ఇంటూ పెట్టి పిలిచాను. వచ్చి సంతకం చేశారు.

పదిరోజులకు మేడమ్ ఇద్దర్నీ పిలిపించింది. నా వయసే ఉంటుంది. బల్ల మీద మా కాగితాలు, పక్కన చల్లారిన టీ.

"అమ్మా, ఐదు నెలలుగా సెలవులో ఉన్న మనిషి తనకు ఏడాదికి ఒక్కరోజు కూడా సెలవు దొరకదని రాశారు. మీకేమైనా తోస్తోందా?" అంది.

నాకు చాలా తోచాయి. చెప్పదగ్గది ఒక్కటీ లేదు. నేనే రాశానండీ, మా ఇంట్లో అన్నీ నేనే రాస్తాను అన్నాను. ఎనభై వరకు ఒక మనిషి, ఆ తర్వాత ఇంకో మనిషి అని ఆవిడకు రెండు నిమిషాల్లో తెలిసిపోయిందట. మొదటి మనిషి సంగతి పరవాలేదు గానీ రెండో మనిషిని ముందు చూడాలి అంది. నవ్వుతూ అందో, నిజంగా అందో తేలలేదు.

ఈయన ఆ చివరి పేజీలు అడిగి తీసుకున్నారు. ఆ రోజు కళ్ళజోడు నేనే గుర్తుపెట్టుకుని తెచ్చాను, తెలివితక్కువగా. నలభై వాక్యాలూ చదివారు.

"జీవిత భాగస్వామి నన్ను అర్థం చేసుకుంటారు అన్నదానికి 'చెప్పలేను' అని పెట్టావు. అది నా తరఫునా, నీ తరఫునా?"

"రెండు తరఫులా" అన్నాను.

ఇంక టిక్కెట్ల గదే అనుకున్నాను. పందొమ్మిదేళ్ళ అలవాటు ఆయన ఉద్యోగం మింగేసింది. మేడమ్ మాత్రం ఇంకొకరు రాసింది ఈయన ప్రయత్నం కింద లెక్కకు రాదంది. ఇప్పుడే, ఇక్కడే, ఒక్కరే రాయాలి. నేను బయట కూర్చోవాలి.

రెండు గంటలు కూర్చున్నాను. తలుపు రెండుసార్లు తెరుచుకుంది. మొదటిసారి ఈయన తల బయటికి పెట్టి, మన పెళ్ళయి ఎన్నేళ్ళు అని అడిగారు. రెండోసారి నాకు నిద్ర బాగా పడుతోందా అని అడిగారు. అది మీకే తెలియాలి అన్నాను. లోపలినుంచి ఆవిడ, బాబూ తలుపు వేయండి అంది.

ఫలితం అటూ కాదు, ఇటూ కాదు. టిక్కెట్ల గది లేదు, రోడ్డూ లేదు. ఆరు వారాలు డిపో ఆవరణలో రోజూ రెండు గంటలు ఖాళీ బస్సు తిప్పాలి, పక్కన శిక్షకుడు ఉంటాడు. ఆ తర్వాత చూస్తారు. ఇంకా ఆరు వారాలు! నేను డబ్బాలు తలుచుకున్నాను.

ఇంటికి వచ్చే బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని చెప్పారు.

"తాళం పట్టుకుంటే చెయ్యి వణుకుతుందని రాశాను."

"ఐదు నెలల్లో నాకొక్క ముక్క చెప్పలేదేం?"

"నువ్వడగలేదు. ఆ కాగితం అడిగింది."

"రోజూ అడుగుతూనే ఉన్నానుగా."

"టీ తాగుతారా అని అడిగావు."

నాకు ఒళ్ళు మండింది. మండడానికి కారణం ఆ మాట అబద్ధం కాకపోవడం. మరి నన్నెవరడిగారు అన్నాను. మా స్టాపు వచ్చినప్పుడు నా సంచీ ఆయన పట్టుకుని దిగారు.

మర్నాడు తొమ్మిదికి వెళ్ళారు. నేను తలుపేసుకుని, ఉప్పు డబ్బాను దాని పాత చోట పెట్టుకుని, ఏమీ చేయకుండా ఒక గంట కూర్చున్నాను. పదకొండున్నరకు వచ్చారు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. ఎలా ఉందని అడిగాను, టీ మాట ఎత్తకుండా. ఆవరణ చుట్టూ మూడుసార్లు తిప్పారట. నాలుగోసారి దిగిపోయారట. రేపు నాలుగు చూస్తాను అన్నారు.

జేబులోంచి ఒక కాగితం తీశారు. ఈ రోజు ఎలా అనిపించింది, పది వాక్యాలు, మూడు గళ్ళు, రోజుకొకటి చొప్పున ఆరు వారాలు. అలవాటుగా నా వైపు చాపారు. నేను చేతులు తడిగా ఉన్నాయన్నాను. పొడిగానే ఉన్నాయి. ఆయనా చూశారు.

కాగితం వెనక్కి తీసుకుని కళ్ళజోడు కోసం వెతకడం మొదలుపెట్టారు. బల్ల మీద, మంచం మీద, చీటీలంటించిన డబ్బాల మధ్య. అది నేను పొద్దున పాత చోటికి తెచ్చుకున్న ఉప్పు డబ్బా వెనక ఉంది. నేను చెప్పలేదు.