మంచుకొట్టులో డీజిల్ సీసా

ఆగస్టులో నావ మీద ఊరికి డీజిల్ వచ్చిన రోజునే ఒక సీసాడు పట్టుకొచ్చి, ఇంటి వెనక నేలలో తవ్విన మంచుకొట్టులో చేపల పక్కన పెట్టాను. ఏటా పెడతాను. పదకొండేళ్ల కిందట మా ఆయన ప్రొకోపి, గడ్డకట్టిన నది మీద వేసిన దారిలో, ఊరికి తొంభై కిలోమీటర్ల దూరాన, ఆగిపోయిన లారీ పక్కన చచ్చిపోయాడు. చలికి తట్టుకోవడానికి స్టెప్నీ టైరు కూడా కాల్చుకున్నాడట. లారీలో ఏ లోపమూ లేదు. ట్యాంకులో డీజిల్ గుర్రపు కొవ్వులా పేరుకుపోయింది. కాగితాల మీద మాత్రం అది శీతాకాలపు డీజిలే, ఎంత చలికైనా గడ్డకట్టకూడనిది. బయల్దేరేటప్పుడు టీ సగం తాగి, "మిగతాది వచ్చాక తాగుతాలే" అన్నాడు. ఆ కప్పు నేనింకా కడగలేదు.

ఈ ఏడు మూడో రోజుకే సీసాలో డీజిల్ మైనం పట్టి తెల్లబడింది. ఆ కొట్టులో చలి మైనస్ ఎనిమిది, అంతే. ఎనిమిదికే మబ్బు పట్టేది, యాభైకి ఏమవుతుంది? వెంటనే వెళ్లి డిపో మేనేజరు గెన్నాది ల్వోవిచ్‌కి చెప్పాను. రెండేళ్ల కిందట దక్షిణాది నుంచి వచ్చిన మనిషి. నవ్వాడు.

"మోత్రునా అవ్వా, మీ కొట్టు చేపలకి. డీజిల్‌కి నా దగ్గర సర్టిఫికెట్ ఉంది."

నవంబరు దాకా పాత నిల్వతో గడిచింది. డిసెంబరులో నది దారి తెరిచారు. పట్నం నుంచి పిండి, మందులు తేవడానికి మొదటి లారీ మా తమ్ముడు ఉయ్బాన్‌ది. పోను మూడు వందల నలభై కిలోమీటర్లు. బయట మైనస్ నలభై తొమ్మిది. ట్యాంకులో కొత్త డీజిల్.

నేను గ్యారేజీకి పరుగెత్తాను. వాడు ట్యాంకు మూత తీసి చూపించాడు.

"మళ్లీ మొదలెట్టావా అక్కా? చూడు, ఎంత తేటగా ఉందో."

"ఇక్కడ పొయ్యి మండుతుంటే తేటగా ఉండక ఏం చేస్తుందిరా? పొయ్యి పక్కన కూర్చుంటే నేనూ పదహారేళ్ల పిల్లనే."

"వెళ్లనంటే మేనేజరు లారీ తాళాలు ఇంకొకడికిస్తాడు. ఆ ఇంకొకడికి అక్క ఉండదా?"

తెల్లారితే లారీ బయల్దేరుతుంది. ఇంటికి వచ్చి, సీసాని కొట్టులోంచి తీసి గుమ్మం బయట రాత్రంతా పెట్టాను. నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి సీసాని మూత తీసి మేనేజరు బల్ల మీద, ఆయన కాగితాల మీదే, తలకిందులుగా పట్టుకున్నాను. ఒక్క చుక్క పడలేదు.

"ఏమిటిది, అవ్వా?"

"మీ శీతాకాలపు డీజిల్. కావాలంటే చెంచా తెస్తాను, తవ్వుకోండి."

గుమాస్తాలు కిసుక్కుమన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. "ప్రయోగశాల ఇచ్చిన కాగితం ముందు మీ సీసా ఎంత?"

"ఆ కాగితం మీకు అంత గట్టిదైతే దాన్నే కప్పుకుని లారీలో మా తమ్ముడి పక్కన కూర్చోండి." మా ఆయన తొడుక్కునే ఉన్ని బూట్లు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. "ఇవి మీకు సరిపోతాయి. పదండి, ఇంజను వేడెక్కుతోంది."

"నాకు మీటింగులున్నాయి."

"మా ఆయనకీ ఇంట్లో పనులుండేవి."

ఎవరూ నవ్వలేదు. ఆయన కిటికీ వైపు చూశాడు. అప్పుడు స్టోరు చూసే వర్వారా లేచి నడుముకున్న తాళాలు తీసింది. "హెలికాప్టర్ కోసం ఉంచిన కిరసనాయిలు రెండు పీపాలున్నాయి, కలిపితే డీజిల్ గడ్డకట్టదు. సంతకం పెట్టండి."

పెట్టాడు. ఏమని రాశాడో తెలుసా? "డ్రైవరు కోరిక మేరకు." డీజిల్ పనికిరాదని ఒక్క ముక్క లేదు! నా ఒళ్లంతా మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే ఆలస్యం చేయకూడదు. మైనం కట్టాక కిరసనాయిలు ఎంత పోసినా దండగే, వెచ్చగా ఉన్నప్పుడే కలపాలి. గ్యారేజీలోనే కలిపాం. డీజిల్ గొట్టానికీ ఫిల్టరుకూ కంబళి చుట్టాం. వాడు మూడు కొత్త ఫిల్టర్లు చొక్కా లోపల, ఒంటి వేడికి ఆనించి పెట్టుకున్నాడు.

"ఇంజను ఆపకు. నిద్రొచ్చినా ఆపకు," అన్నాను.

"నీ నోరు ఆగితేగా అక్కా, నా ఇంజను ఆగడానికి."

టీ ఇచ్చాను. కప్పు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడ్డాను. చివరి గుక్క తాగాకే తలుపు తీయనిచ్చాను.

రెండో రోజు మధ్యాహ్నం రేడియోలో వాడి గొంతు వినిపించింది. "చేరానక్కా. ఒక ఫిల్టరు మార్చాను, తెల్లగా పూడిపోయింది. ఇంజను ఆపలేదు."

నేను తిన్నగా ఆఫీసుకు వెళ్లి, ఆ సీసాని మేనేజరు గది కిటికీకి చలి ఆగడానికి వేసిన రెండు అద్దాల మధ్య, చలి తగిలేచోట, నిలబెట్టి వచ్చాను. ఇవాళ్టికి నెలయింది. ఆయన దాన్ని తీసి పారేయలేదు. తెర వేసుకున్నాడు.