ట్రెయిలర్ మీద తెల్లగీత

అక్టోబరు పదకొండున, నది లోయలోకి దిగే రోడ్డు మీద, ఓరిన్ టాఫ్టీ నడుపుతున్న పికప్‌ని వెనకున్న ట్రెయిలర్ అటూ ఇటూ ఊపి గట్టు కిందికి విసిరేసింది. ట్రెయిలర్ మీదున్న ట్రాక్టర్ గడ్డిలో పడి, ఒక మడ్‌గార్డు వంగడంతో బయటపడింది. ఓరిన్ బయటపడలేదు.

ట్రెయిలర్ అతని అన్న డెల్మర్‌ది. ట్రాక్టర్ ముందు చక్రాలు ఎక్కడ ఆగాలో చెప్పే తెల్లగీత చెక్కల మీద గీసిందీ డెల్మరే. ముందురోజు సాయంత్రం అతను ఓరిన్ భార్యకి ఫోన్ చేసి, "మార్లిస్, ఆ ట్రాక్టర్ బరువెంతో కాస్త చూసి చెప్పమ్మా, గీత గీయాలి" అని అడిగాడు. ఓరిన్ షెడ్డులో ఉన్నాడు. ఆమే సొరుగులోంచి ట్రాక్టర్ పుస్తకం తీసి చదివింది. నాలుగువేల మూడువందల పౌండ్లు. 

ట్రెయిలర్‌కి వెనక బరువు ఎక్కువై, ముందు కొక్కెం మీద బరువు చాలలేదని, అందుకే తోక ఊపిందని పోలీసు రాసుకెళ్ళాడు. అంటే గీత తప్పు చోట పడిందన్నమాట. బరువు అడిగి మరీ గీసినవాడు అలా ఎలా గీశాడు? పైగా అంత్యక్రియల రోజు చర్చి మెట్ల మీద డెల్మర్ ఆమె కళ్ళలోకి చూడలేదు. ముప్ఫై ఏళ్ళు ఆరో తరగతికి పాఠాలు చెప్పిన మార్లిస్‌కి దించుకున్న తలలు కొత్త కాదు. మర్నాడు అతను వండి పంపిన గిన్నె మూత తీయకుండానే వెనక్కి పంపింది. ఆ తర్వాత ఏడు నెలలు అతనితో మాట్లాడలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు పొలం కౌలుకి వెళుతోంది. జూన్ ఒకటికల్లా షెడ్డు ఖాళీ చేయాలి. ట్రాక్టర్ మినెసోటాలో కూరగాయలు పండించే కూతురు కారిన్ దగ్గరికి చేరాలి.

"ఎవరినైనా పిలిచి ఎక్కించి పంపెయ్యమ్మా," అంది కారిన్ ఫోన్‌లో.

"ఇంకొకరి ట్రెయిలర్ మీద అది ఎక్కదు," అంది మార్లిస్.

రోలీ బుక్‌హోల్జ్ పాత పికప్‌లు, ట్రెయిలర్లు అమ్ముతాడు. ఆమె దగ్గర చదువుకున్నవాడే.

"రండి టీచర్, రండి! ఈ ఎర్ర బండి మీకోసమే దాచి ఉంచాను."

"కొనాలని నేను నిన్న సాయంత్రమే అనుకున్నాను. అప్పట్నుంచే దాచావా?"

రోలీ నవ్వాడు. మార్లిస్ నవ్వలేదు. పికప్ తలుపు తెరిచి, అంచున అంటించిన చీటీలోని బరువుల అంకెలు నోటుపుస్తకంలో రాసుకుంది. వెనకున్న ట్రెయిలర్ దగ్గర వంగి, నల్లరంగు నిగనిగలాడుతున్న ఇనుప దూలాన్ని తాళంచెవితో గీకింది. కింద తుప్పు కనబడింది.

"ఈ రంగెందుకు వేశావు?"

"చూడ్డానికి బాగుంటుందని, టీచర్."

"నీ నోటుపుస్తకానికీ ఇలాగే కొత్త అట్ట వేసుకొచ్చేవాడివి. లోపల ఒక్క ముక్క ఉండేది కాదు."

"అబ్బా, అదింకా మర్చిపోలేదా మీరు!"

"బ్రేకులు రెండు ఇరుసులకీ ఉన్నాయా?"

"ఒకదానికే. చాల్లెండి. మీ ట్రాక్టర్ నాలుగువేల మూడొందలు. ఇది అయిదువేలు మోస్తుంది."

మార్లిస్ పెన్ను ఆగింది. "ఆ అంకె నీకెవరు చెప్పారు? డెల్మరా?"

"ఆయన నోరు విప్పి చాన్నాళ్ళయింది టీచర్. నాతో కాదు, ఎవరితోనూ. ఆ మోడల్ ట్రాక్టర్ ఊళ్ళో పదిమందికుంది. పుస్తకంలో రాసే ఉంటుందిగా."

"తూయించాకే కొంటాను."

"ట్రాక్టర్నా? ట్రాక్టర్ని తూయించేవాళ్ళు ఎవరున్నారు టీచర్!"

నిజమే, ఎవరూ లేరు. గోధుమ లారీని నిండుగా వచ్చినప్పుడొకసారి, ఖాళీగా పోయేటప్పుడొకసారి కాటా ఎక్కించే ఊరు అది. ఒక్క గింజ తేడా వస్తే ఊరుకోరు. ట్రాక్టర్ బరువు మాత్రం పుస్తకం ఎంతంటే అంతే.

మర్నాడు పొద్దున్నే ఆమె ట్రాక్టర్ ఎక్కి, ఆరు మైళ్ళు నడుపుకుంటూ ధాన్యం గిడ్డంగికి వెళ్ళింది. ఎదురొచ్చిన ప్రతి పికప్‌లోనూ ఎవరో ఒకరు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి పలకరించారు. వీళ్ళలో గీత సంగతి ఎందరికి తెలుసో, తెలిసీ ఎందరు ఊరుకున్నారో అనుకుంటూ ఆమె తిరిగి వేలెత్తింది.

కాటా గది కిటికీలోంచి బానీ తొంగిచూసింది. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు.

"ఏమే, గోధుమలు అయిపోయి నిన్ను నువ్వే అమ్ముకోడానికొచ్చావా?"

"నన్నమ్మినా తేమ ఎక్కువుందని సగం ధర కోస్తావు. దీన్ని తూచు."

"అయితే దిగు. నీ బరువు కూడా కలిపి ఊరంతా చాటమంటావా?"

మార్లిస్ దిగింది. బానీ అంకె చూసి అద్దాలు సర్దుకుంది. "అయిదువేల అయిదొందల ఎనభై."

"మళ్ళీ చూడు."

"నా కాటానే అనుమానిస్తావే! మార్చిలోనే తనిఖీవాళ్ళొచ్చి ముద్ర వేసి పోయారు."

"పుస్తకంలో నాలుగువేల మూడొందలుంది, బానీ."

బానీ ఈసారి ముందు చక్రాలు మాత్రమే కాటా మీదికి ఎక్కించమంది, తర్వాత వెనకవి మాత్రమే. ముందు బరువు ఉండవలసినంతే ఉంది. ఎక్కువంతా వెనకే.

"వెనక టైర్లలో ఏమైనా పోయించారా?" అంది బానీ, మామూలుగానే.

మార్లిస్ వెనక టైర్ల వైపు చూసింది.

రెండు వేసవుల కిందట గడ్డిచుట్టలు ఎత్తుతుంటే వెనక చక్రాలు నేల వదిలేస్తున్నాయని, ఓరిన్ చక్కెర మిల్లు నుంచి బీట్ దుంపల నల్లని పాకం పీపాల్లో తెచ్చాడు. చలికి గడ్డకట్టదు, చక్రాలకి బరువు. అతను దాన్ని టైర్లలోకి ఎక్కించే పంపు తిప్పుతుంటే గొట్టం పట్టుకుని నిలబడింది ఆమే. పాకం చింది ఆమె గౌను మోకాళ్ళ దాకా తడిసింది. "ట్రాక్టర్‌కి పానకం పోశావే!" అని ఓరిన్ నవ్వాడు. ఆ మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు. ఆ గౌను ఇప్పటికీ బీరువాలో ఉంది.

పుస్తకం, ట్రాక్టర్ కొత్తగా వచ్చిన రోజు బరువు చెబుతుంది. ఫోన్‌లో ఆమె చెప్పింది ఆ బరువే. డెల్మర్ గీసింది ఆ బరువుకి సరిపోయే గీతే. పాకం సంగతి ఓరిన్‌కీ తెలుసు. అతనూ ఆ గీత దగ్గరే ట్రాక్టర్ ఆపాడు.

గట్టు కింద నుంచి ట్రాక్టర్‌ని పైకి లాగించింది డెల్మర్. దాని బరువెంతో అతనికి ఆ రోజే తెలిసి ఉంటుంది. ఎవరు ఏ అంకె చెప్పారో అతను పోలీసుకి చెప్పలేదు, ఊళ్ళోనూ చెప్పలేదు. చర్చి మెట్ల మీద తల దించుకున్నాడు, అంతే.

"పోశాం," అంది మార్లిస్. "ఇద్దరం కలిసి."

బానీ తూకం చీటీ చింపి ఆమె చేతిలో పెట్టింది.

ఆ చీటీ చూసి రోలీ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఆ ఎర్ర బండి, దాని ట్రెయిలర్ మీకు అమ్మను టీచర్. నిన్న అమ్మేసేవాణ్ణే."

"తెలుసు. ఆ బూడిదరంగుది చూపించు."

ఆ పికప్ పెద్దది, పాతది. దానికి తగ్గ పొడవాటి ట్రెయిలర్‌కి తుప్పు దాచకుండా పైకే ఉంది, బ్రేకులు రెండు ఇరుసులకీ ఉన్నాయి. మార్లిస్ అరగంట సేపు దాని చుట్టూ తిరిగింది. రోలీ చేత బ్రేకులు రెండుసార్లు నొక్కించి, తాను వెనక నిలబడి విన్నది. చివరికి, "ట్రాక్టర్ ఎక్కడ ఆపాలో గీత గీసిస్తావా?" అని అడిగింది.

"నేను అమ్ముకునేవాణ్ణి టీచర్. సరైన బరువు చెబితే డెల్మర్ గీసినంత బాగా ఈ చుట్టుపక్కల ఎవరూ గీయలేరు."

అతను అది ఏమీ తెలియక అన్నాడా, తెలిసే అన్నాడా అని ఆమె అతని మొహంలోకి చూసింది. తేల్చుకోలేకపోయింది.

బండీ ట్రెయిలరూ షెడ్డు ముందు నిలబడి మూడు రోజులైంది. డెల్మర్ ఇల్లు అక్కడికి రెండు మైళ్ళు. తూకం చీటీ ఆమె నోటుపుస్తకంలో ఉంది. ట్రెయిలర్ మీద గీత ఇంకా గీయలేదు. డెల్మర్‌తో ఆమె ఇంకా మాట్లాడలేదు.