గోడ అవతల గోలు

మెకానిక్కు చేతిలో బాగుపడని టీవీ లేదు. ఇది ఇక చెత్తలోకే అని కొట్టువాడు చేతులెత్తేసినవి కూడా అతని బల్ల మీద ఒక పూట ఉంటే మళ్ళీ మాట్లాడేవి. పేటలో సగం ఇళ్ళు ఫుట్‌బాల్ చూస్తున్నాయంటే అతని చలవే. మరి అతనో? బుద్ధెరిగాక మన జట్టు గోలు కొట్టడం ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ క్షణాన కళ్ళారా చూసిన పాపాన పోలేదు. తర్వాత తిప్పి తిప్పి చూపించేది చూశాడనుకోండి. అది పెళ్ళయిపోయాక ఫొటోలు చూసినట్టు. నవ్వకండి, చెప్తున్నా.

ఇదంతా అన్నయ్య పెట్టిన చిచ్చు. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ఉన్నారు, జట్టు ఓడిపోతోంది. అన్నయ్య విసుక్కుని, "ఒరేయ్, కాసిని నీళ్ళు పట్రా" అని తమ్ముణ్ణి లేపాడు. వీడు గడప దాటాడో లేదో, గోలు! గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొస్తే అన్నయ్య గుమ్మంలో చేతులు అడ్డం పెట్టి, "రాకు రాకు, అక్కడే ఉండు!" అన్నాడు. వీడు మెట్ల మీద కూర్చున్నాడు. ఇంకో గోలు పడింది. కాకి వాలడమూ తాటిపండు పడడమూ! ఆ మాత్రం తెలియనివాళ్ళు కాదు ఆ ఇంట్లో. అయినా సరదాగా ఉంది కదా, అలాగే కానిచ్చారు.

ఆ రోజు నుంచి మ్యాచ్ ఉందంటే అతని చోటు మెట్ల మీదే. టీవీ సరిచేసేది అతను, రంగులు దిద్దేది అతను, ఆట మొదలవగానే లేచి బయటికి పోయేదీ అతనే. వదిన కాపురానికొచ్చాక కింద వేసుకోవడానికి ఒక దిండు కుట్టిచ్చింది. మధ్యలో టీ పంపేది. గోడకి చెవి ఆనించి కూర్చుంటే అతనికి ఆట మొత్తం తెలిసిపోయేది. అన్నయ్య తొడ చరుచుకున్నాడంటే బంతి పక్కకి పోయింది. వదిన "అయ్యో" అన్నదంటే గోలు కాసే గోలీ ఆపాడు. అన్నయ్య కూతురు కీచుమందంటే గోలు. గెలిచిన రోజున వీధిలోవాళ్ళు లోపలికి పోకముందే అతని చెయ్యి ఊపేవాళ్ళు. "నీ పుణ్యమే మెట్లాయనా!" అనేవాళ్ళు. అతనికి అదో గొప్ప. ఆడకుండా, చూడకుండా మ్యాచులు గెలిపించేవాడు ఊరు మొత్తానికి అతనొక్కడే మరి.

ఓడిన రోజున మాత్రం ఏదో ఒక వంక దొరికేది. దగ్గావన్నారు, కిటికీలోంచి తొంగిచూశావన్నారు, తొందరపడి లోపలికొచ్చావన్నారు. తప్పెప్పుడూ అతనిదే గాని మెట్లది కాదు. అతను కూడా బుద్ధిగా తలూపేవాడు. పిచ్చి మాలోకం! పెళ్ళీ పెటాకులూ లేవు, అన్నయ్య ఇల్లే ఇల్లు, అన్నయ్య మాటే మాట.

నవ్వు నాలుగు విధాలా చేటు అని ఊరికే అన్నారా? అమ్మ ఆసుపత్రిలో పడింది. ఊపిరి అందడం లేదు, డాక్టరు పెదవి విరిచేశాడు. మెకానిక్కు మందులు తేవడానికి గదిలోంచి బయటికెళ్ళినప్పుడు అమ్మ కళ్ళు తెరిచింది. నిద్రలేక కళ్ళు వాచిపోయి ఉన్న అన్నయ్య, "ఒరేయ్, నువ్వు బయటికెళ్ళగానే కళ్ళు తెరిచిందిరా" అన్నాడు. వేళాకోళానికన్నాడో, ఆశ చావక అన్నాడో ఆయనకే తెలియాలి. మెకానిక్కు ఇక ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఆసుపత్రి మెట్ల మీద, గది గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"చిన్నోడేడీ?" అని అడిగిందట అమ్మ. వదిన పరిగెత్తుకొచ్చింది. "రావయ్యా, నీకోసం అడుగుతోంది" అని చెయ్యి పట్టి లాగింది.

"వద్దు వదినా. నేనొస్తే పోతుంది" అన్నాడు అతను.

మళ్ళీ అడిగిందట. మళ్ళీ వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే పోయింది. ఏడుస్తున్నవాణ్ణి అందరూ తలో మాటా చెప్పి ఓదార్చారు. "నువ్వు బయట ఉండబట్టే ఆ ఒక్క రోజన్నా నిలిచిందిరా" అన్నాడు అన్నయ్య. ఆ ఒక్క మాట పట్టుకుని బతికాడు మెకానిక్కు. బల్ల దగ్గర తీగలు అతుకుతూ అతుకుతూ ఆగి, "నావల్లే ఒక రోజు ఎక్కువ బతికింది" అని తనలో తను అనుకునేవాడు. మళ్ళీ పని చేసుకునేవాడు.

అలాంటివాడికి, మన జట్టు కప్పు ఫైనలుకి చేరిన ఏడు, అన్నయ్య కూతురు టికెట్లు తెచ్చింది. ఆఫీసులో చీటీలు తీస్తే ఆ పిల్ల అదృష్టం పండింది. నాన్నకి, అమ్మకి, తనకి, బాబాయ్‌కి. ఇల్లంతా ఎగిరి గంతేసింది గాని, నాలుగో టికెట్టు మాట రాగానే అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"వాడెందుకే అంత దూరం..."

"నాన్నా, ఇంకొక్క మాటన్నావంటే టికెట్లు చింపేస్తా. బాబాయ్ నా పక్కన కూర్చుని గోలు చూడాల్సిందే."

మెకానిక్కుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్క గోలు. జన్మలో ఒక్కటి చూస్తే చాలు, ఆ తర్వాత మెట్ల మీదే ప్రాణం పోయినా సరే అనుకున్నాడు.

రైలు కిటకిటలాడుతోంది. అందరి ఒంటి మీదా జట్టు చొక్కాలే, అందరి నోటా పాటలే. వదిన నవ్వుతూ, "ఏమయ్యా, దిండు మర్చిపోలేదు కదా?" అంది. పెట్టెలో వాళ్ళంతా నవ్వారు, అతనూ నవ్వాడు. కిటికీ పక్కన చిన్నపిల్లాడిలా కూర్చుని, వెళ్ళిపోయే ప్రతి స్టేషనులోనూ జెండాలు ఊపేవాళ్ళకి చెయ్యూపాడు. అంత సంతోషంగా అతన్ని ఎవరూ చూసి ఉండరు.

స్టేడియంలో మెట్లెక్కి పైకి రాగానే ఎదురుగా పచ్చిక. నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఇన్నేళ్ళుగా జనం టీవీల్లో ఆకుపచ్చ ఇంత తక్కువగా పెట్టానా అని బెంగ పడ్డాడు. ఆట మొదలైంది. అవతలి మూలన బంతిని తన్నడం ముందు కనిపించి, చప్పుడు కాస్త వెనకగా వినిపిస్తుంటే, అలవాటు కొద్దీ "సెట్టులో ఏదో లోపం ఉందమ్మా" అన్నాడు. పిల్ల పడీ పడీ నవ్వింది. ఒకసారి మనవాడు తన్నిన బంతి గోలు స్తంభానికి తగిలి తిరిగొచ్చింది. మెకానిక్కు తనకి తెలియకుండానే నిలబడి కేకేశాడు. పక్కనున్న ముక్కూ మొహం తెలియనివాడు అతన్ని కావలించుకున్నాడు. గోడ ఇవతల ఉండడమంటే ఇదా అనుకున్నాడు.

విరామం తర్వాత అవతలివాళ్ళు గోలు కొట్టారు.

అన్నయ్య అతని వైపు చూడలేదు. వదినా చూడలేదు. చూసి తిట్టినా బాగుండును. ఆ చూడకపోవడమే అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఆట సాగుతోంది, మనవాళ్ళ కాళ్ళు తడబడుతున్నాయి, పొద్దు వాలుతోంది. కాసేపటికి అన్నయ్య మైదానం మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఒరేయ్, దాహంగా ఉంది. కాసిని నీళ్ళు పట్రా" అన్నాడు.

"నాన్నా! నీ కాళ్ళ దగ్గర సీసా ఉంది కదా!" అంది పిల్ల.

"అవి వేడెక్కిపోయాయే."

మెకానిక్కు లేచాడు. పిల్ల చొక్కా పట్టుకుంది. "బాబాయ్, వెళ్ళకు. నామీద ఒట్టు."

"ఇప్పుడే వచ్చేస్తానమ్మా."

కింద నడవలో నీళ్ళ సీసా కొన్నాడు. అక్కడ మెట్లున్నాయి గాని ఏం లాభం, ఎటు తిరిగినా గోడల మీద టీవీలే. కొట్టు మీద టీవీ, స్తంభానికి టీవీ, ఆఖరికి మరుగుదొడ్డి గుమ్మం మీద కూడా టీవీ. జీవితమంతా టీవీలతో బతికినవాడికి కళ్ళు దాచుకునే చోటే లేదు. తల వంచుకుని నడిచి నడిచి గేటు దగ్గర తేలాడు.

"పెద్దాయనా, బయటికెళ్తే మళ్ళీ రానివ్వం" అన్నాడు కాపలావాడు.

మెకానిక్కు ఆగాడు. పైన పిల్ల పక్కన ఖాళీ కుర్చీ ఉంది. ఒక్క పరుగు తీస్తే కూర్చోవచ్చు. కూర్చోవాలనే ఉంది, దేవుడా, ప్రాణం అక్కడే ఉంది. కానీ ఇప్పుడు నమ్మకుండా కూర్చుంటే, మరి అప్పుడెందుకు నమ్మినట్టు? అమ్మ పిలిచినా వెళ్ళని మనిషి, ఆట కోసం కూర్చుంటాడా? ఆ ఆలోచన రాగానే కాళ్ళు వాటంతటవే గేటు దాటాయి. వెనక తలుపు పడింది.

బయట మెట్ల మీద కూర్చున్నాడు. కాపలావాడు ఫోనులో ఆట చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఎగిరి, "పెనాల్టీ! మనకే! మనకే పెనాల్టీ!" అని అరిచాడు.

మెకానిక్కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూశావా, అన్నాడు మనసులో, ఎవరితోనో. పనిచేసింది. బయటికొచ్చాను, పనిచేసింది. అప్పుడూ పనిచేసింది.

"రా పెద్దాయనా, చూద్దువు గాని" అని వాడు ఫోను ముందుకి చాపాడు. మంచివాడే పాపం.

"వద్దు బాబూ! నేను చూడకూడదు" అని మెకానిక్కు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

గోడ అవతల అంత జనమూ ఊపిరి బిగబట్టింది. తర్వాత ఒక్కసారిగా హోరు. ఇంట్లో అయితే తొడ చప్పుడుకి, కీచుమనడానికి తెలిసిపోయేది. ఇది ఎవరి హోరో, ఏడుపో సంబరమో అతనికి అంతుపట్టలేదు. చేతులు తీసి చూశాడు. కాపలావాడు ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

"గోలీ ఆపేశాడు పెద్దాయనా."

ఇంకా దూరం పోవాలేమో అనుకుని రోడ్డు దాటి అవతలి గట్టు మీదికి పోయాడు. అక్కడా ఏమీ జరగలేదు. ఆట అయిపోయింది. జనం తలలు వేలాడేసుకుని బయటికొచ్చారు. వాళ్ళలో అన్నయ్య, వదిన, కళ్ళు ఎర్రబడ్డ పిల్ల.

"ఎక్కడికి పోయావురా? నీకోసం లోపలంతా వెతికాం" అన్నాడు అన్నయ్య.

"నీళ్ళు తెమ్మన్నావు కదా" అని సీసా చాపాడు మెకానిక్కు. "అన్నయ్యా, ఆలస్యంగా వెళ్ళానా? ఇంకాస్త ముందే లేచుంటే బాగుండేదా?"

అన్నయ్యకి తమ్ముడి మొహం చూస్తే జాలేసింది. భుజం మీద చెయ్యి వేశాడు. జీవితంలో మొదటిసారి తమ్ముడికి మేలు చేద్దామనుకున్నాడు ఆ మహానుభావుడు.

"ఛ, ఊరుకో. నువ్వెక్కడ కూర్చుంటే ఏంట్రా? ఆట ఆటే. నువ్వు లేచి వెళ్ళడం వల్ల గోళ్ళు కొరుక్కునేవాడు ఒకడు తగ్గాడు గాని ఒరిగిందేముంది? ఏదో సరదాకి అనుకునేవాళ్ళం. అదంతా వట్టిదేరా. నువ్వు నిజంగానే నమ్మావా?"

మెకానిక్కు అన్నయ్య మొహంలోకి చూశాడు. పక్కనుంచి జనం తోసుకుంటూ పోతున్నారు.

"మరి అమ్మ?" అన్నాడు.

అన్నయ్య చెయ్యి భుజం మీంచి జారిపోయింది. వదిన మొహం తిప్పేసుకుంది. పిల్లకి అప్పుడు అర్థమై, "బాబాయ్" అంటూ అతని చొక్కా పట్టుకుంది.

"చెప్పన్నయ్యా. వట్టిదే అయితే, మరి నేను లోపలికి రావచ్చు కదా. అడిగింది కదా నాకోసం. మళ్ళీ అడిగింది కదా." అతని గొంతు చిన్నపిల్లాడి గొంతైపోయింది. "ఒక్క గోడ అవతలే ఉన్నానన్నయ్యా నేను."

అన్నయ్య తమ్ముడి చేతిలోని సీసా అందుకున్నాడు. మూత తియ్యబోయాడు, రాలేదు. మెకానిక్కు దాన్ని తీసుకుని, మూత తీసి, మళ్ళీ అన్నయ్య చేతికే ఇచ్చాడు.