కుసుపూర్ బూత్‌లో తొమ్మిది ఓట్లు

బాలిశాహి నియోజకవర్గం ఇక ఉండదని పేపర్లో వచ్చిన రోజునే తిలోత్తమ టీచరు లావుపాటి నోటుపుస్తకం ఒకటి తెప్పించుకుంది. సరిహద్దులు మళ్ళీ గీశారట. సగం ఊళ్ళు తూర్పు నియోజకవర్గంలోకి, సగం పడమటి దానిలోకి పోయాయి.

"మనిషి పోతే పదకొండో రోజున నలుగురికి అన్నం పెడతారు. యాభై ఏళ్ళు ఓట్లేసిన నియోజకవర్గం పోతే ఎవరికీ పట్టదా?" అని, డెబ్భై ఆరేళ్ళ వయసులో దాని చరిత్ర రాయడానికి కూర్చుంది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆమె అపా, అంటే అక్క. పెళ్ళైన రెండో ఏటనే భర్త పోతే చదువుకుని టీచరైంది. చూపు మందగించడంతో, కుసుపూర్ నుంచి రోజూ వచ్చే సేబతే పాత పత్రికల ముక్కలు చదివి వినిపించేది. సేబతికి అక్షరాలు నేర్పింది అపానే. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో చద్దన్నంలో నీళ్ళు పోసి పఖాళ కలిపేదీ, వడియాలు వేయించేదీ సేబతే.

ఆ మధ్యాహ్నం రాత చివరికొచ్చింది. కటక్ నుంచి ప్రెస్ మనిషి మర్నాడు వస్తాడు. సేబతి మొదటినుంచి ఒకసారి చదివింది.

"అరవై ఒకటిలో గెలిచిన ఆయన వంతెనకు మూడుసార్లు శంకుస్థాపన చేశాడు."

"ఆ మూడు రాళ్ళూ రేవులో బట్టలుతకడానికి బాగా పనికొచ్చాయని రాశానా?"

"రాశారు అపా. ఆయన మనవడు చూస్తే కొడతాడు."

"కొట్టనీ. తాత చెయ్యని పని మనవడైనా ఒకటి చేసినట్టుంటుంది."

సేబతి నవ్వింది. డెబ్భై నాలుగు, డెబ్భై ఏడు, ఎనభై. పేజీలు తిరిగాయి. ఎనభై ఐదు వచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది.

ఆ ఏడు అపా స్వతంత్రంగా నిలబడింది. ఆడపిల్లలకు హైస్కూలు కావాలని అడిగి అడిగి విసిగి, ఉద్యోగం వదిలి నిలబడింది. గుర్తు కుండ. ఎనభై నాలుగు ఓట్లతో ఓడిపోయింది.

"కుసుపూర్ ఆడవాళ్ళ బూత్, తొమ్మిది," అని చదివింది సేబతి. కింద అపా రాసిన వాక్యం ఉంది: 'నేను సంతకం నేర్పిన చేతులే నన్ను వద్దన్నాయి. వాళ్ళకు నా అవసరం లేదని ఆ రోజు తెలుసుకున్నాను.'

"ఆగిపోయావేం? అట్ట లోపలి వైపు చూడు. నిన్న నువ్వెళ్ళాక రాశాను."

సేబతి వెనక్కి తిప్పింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. 'కుసుపూర్‌లో నన్ను నమ్మిన తొమ్మిది మందిలో ఒకరైన సేబతికి, ఈ పుస్తకం.'

"నేనెప్పుడూ అడగలేదు. అడక్కుండానే తెలుసు. ఊరంతా మొహం తిప్పుకుంటే నువ్వొక్కదానివే నా గుమ్మం తొక్కావు," అంది అపా.

ఇది అచ్చయితే, తను పోయాక కూడా ఆ అబద్ధం ఉంటుంది.

"అపా, ఇది కొట్టెయ్యండి."

"సిగ్గెందుకే?"

"సిగ్గు కాదు. ఆ తొమ్మిదిలో నేను లేను."

అపా కళ్ళజోడు తీసింది. "నువ్వు కూడా వెయ్యలేదా?"

"వేశాను. అందరం వేశాం. నూట ఇరవై ఒక్క మంది ఆడవాళ్ళం మీకే వేశాం."

పోలింగ్ రోజు పొద్దున కుసుపూర్ ఆడవాళ్ళంతా చెరువులో స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పాపట్లో సిందూరం దిద్దుకుని బయల్దేరారు. దారిలో సేబతే అంది, కుండ అంటే కలశమేగా, బొట్టు పెట్టని కలశం ఎక్కడైనా ఉంటుందా అని. మన అపా నుదుట ఎలాగూ లేదు, మన పాపట్లోంచి తలో కాస్త తీసి పెడదాం, గెలుస్తుంది అని కూడా అంది. అందరికీ అది ఎంతో బాగుందనిపించింది. ముద్ర వేశారు, ఆ పక్కనే కుండకు బొట్టూ పెట్టారు. దణ్ణం పెట్టుకుని మడిచి పెట్టెలో వేశారు.

"లెక్కింపులో మీ ఏజెంటు మా ఆయనే కదా అపా. ఓటు ఎవరిదో తెలిసే గుర్తు ఏది పెట్టినా చెల్లదన్నారట. సిందూరం అంటిన కాగితాలన్నీ తీసి పక్కన పెడుతుంటే చూసి, నోరు పెగల్లేదట. నూట పన్నెండు. ఇంటికొచ్చి ఎవరు నేర్పారే వీళ్ళకిది అని అడిగాడు. నేనేనని చెప్పాను. ఈ మాట బయటికొస్తే ఊళ్ళో తలెత్తుకోలేం, నోరు మూసుకో అన్నాడు."

"మిగతా వాళ్ళు?"

"వాళ్ళకిప్పటికీ తెలీదు. వేశాం, అయినా అపా ఓడిపోయింది అనుకున్నారు. మీరు మళ్ళీ మా ఊరు రాలేదు. వచ్చుంటే మీకే వేశామని ఎవరో ఒకరు చెప్పేవాళ్ళే."

బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"మరి ఆ తొమ్మిది?"

"సిందూరం లేనివాళ్ళవి."

అపా చెయ్యి తనకు తెలియకుండానే తన బోడి పాపట మీదికి వెళ్ళింది. అక్కడే కాసేపు ఉండిపోయింది.

"పేర్లు చెప్పు."

సేబతి చెప్పింది. కుంతల బెహెరా. పాఠ జెనా వాళ్ళ అత్త. ముసలి సుకుటి. పద్దెనిమిదేళ్ళకే మొగుడు పోయిన ఖిరోదా. ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటూ తొమ్మిది మందినీ చెప్పింది. అపా కాగితానికి మొహం ఆనించి, సేబతి పేరు కొట్టేసి, ఆ పేర్లు రాసుకుంది. తరవాత ఎనభై ఐదు పేజీ తీసి, 'వద్దన్నాయి' అన్న వాక్యం మీద కలం పెట్టింది. గీత గియ్యలేకపోయింది.

"తొంభైలో పార్టీ వాళ్ళు టిక్కెట్టు తెచ్చారు, గుర్తుందా? కుసుపూర్‌లో తొమ్మిది ఓట్లు వచ్చినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను అని పంపేశాను."

"గుర్తుంది."

"వాళ్ళకు టీ ఇచ్చింది నువ్వే."

సేబతి తల దించుకుంది. ఆ రోజు కప్పులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. కప్పులు కడగడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ హైస్కూలు ఇప్పటికీ రాలేదు. సేబతి కూతురు ఏడుతోనే ఆపేసింది.

"నన్ను తిట్టండి అపా."

"ఏమని తిట్టను? మీరు నాకు బొట్టు పెట్టారు," అంది అపా. "నా బతుకంతా మీరు నన్ను వెలేశారనుకున్నానే."

కాసేపటికి నోటుపుస్తకం మూసి పక్కన పెట్టింది.

"రేపు ప్రెస్ మనిషి తీసుకెళ్ళిపోతాడు. ఇంక చదవాల్సిందేమీ లేదు. రేపట్నుంచి రావద్దులే."

సేబతి లేచింది. పొద్దున తను కలిపిన పఖాళ గిన్నె మూత తియ్యకుండా అలాగే ఉంది. దాన్ని అపా చేతికి అందేలా దగ్గరికి జరిపి, గుమ్మం దాటింది.

వెనక నుంచి అపా పిలిచింది.

"సేబతీ. ఆ రోజు నువ్వెంత బొట్టు పెట్టావు?"

సేబతి వెనక్కి తిరగలేదు. ఆమె పాపట కూడా ఆరేళ్ళుగా బోడిగానే ఉంది.

"అందరికన్నా ఎక్కువ, అపా. కుండంతా పెట్టాను."