ఒడికి టికెట్టు లేదు

పదకొండు నెలలు అని ఎందుకు చెప్పింది తను, అడిగినవాడేదో అడిగాడు, కాగితం మిల్లు గేటు దగ్గర గొడుగు కింద బల్లేసుకుని కూర్చునే ఆ క్రెడిట్ కార్డుల సంపత్, నిన్న సాయంత్రం లైన్ ఇళ్ల వెంట తిరుగుతూ వచ్చి, అక్కా, చిన్నపిల్లలుంటే మీకు ఇంకా లాభం, రెండేండ్ల లోపు పిల్లలకు విమానంల సీటు టికెట్టు అక్కర్లే, ఒళ్లె కూసోబెట్టుకుంటే అయిపాయె, మీ పాప వయసెంత అక్కా, అంటే, అన్నం ఉడికిందా అని అడిగితే ఉడికింది అన్నంత తేలిగ్గా పదకొండు నెలలు అనేసింది హేమలత, వాడు సంతోషంగా కాగితం మీద టిక్కు పెట్టుకుని పోయాడు, ఇంట్లో పదకొండు నెలల పిల్ల ఎక్కడుంది, ఉన్నది ఐదేళ్ల కవిత ఒక్కతే, అది అప్పుడు గడప మీద కూర్చుని పలక మీద ఏదో గీస్తోంది, తల్లి మాటకు తలెత్తి చూసి మళ్లీ వంచుకుంది, ఏమీ అనలేదు, ఏమన్నా అని ఉంటే కసురుకుని మరిచిపోయేది, అనలేదు కాబట్టే ఇప్పుడు, పొద్దెక్కి పప్పు పొయ్యి మీద పెట్టాక కూడా, ఆ చూపు గోరు కింద దిగిన ముల్లులాగా సలుపుతూనే ఉంది.

రెండు గంటల మిల్లు కూతకు కోటేష్ డ్యూటీకి పోతాడు, పోతూ ఈ కార్డు ఫారం పట్టుకుపోవాలి, ఇవాళే ఆఖరు, రేపటి నుంచి సంపత్ తన గొడుగు మణుగూరులో వేస్తాడట, మంట తగ్గించి చేతులు కొంగుకు తుడుచుకుని మళ్లీ ఫారం ముందు కూర్చుంది, అదంతా ఇంగ్లీషు, పదో తరగతి సగంలో ఆగిన చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి, దాంతోపాటు ఇచ్చిన పాంప్లెట్టు మాత్రం తెలుగే, పైన విమానం బొమ్మ, బొమ్మ కింద అరచేయంత అక్షరాలతో ఉచితం, ఉచితం కింద చీమల బారులాగా సన్నక్షరాలు, ఆ చీమల్ని ఒక్కొక్కటే ఏరుతూ నిన్నటి నుంచి చదువుతూనే ఉంది, కార్డు వచ్చిన మూడు నెలల్లో దాంతో ఐదు వేల సామాను కొనాలి, కొంటే ఇద్దరికి హైదరాబాదు నుంచి ఢిల్లీకి రానుపోను టికెట్లు, పన్నులు మాత్రం మనమే కట్టుకోవాలి, ఆర్నెల్ల లోపల పోవాలి, పండుగ రోజుల్లో చెల్లవు, ఐదు వేల సామాను ఎక్కడ కొనాలి, ఈ కార్డు గీకే దుకాణం భద్రాచలంలో ఒక్కటన్నా ఉందో లేదో, ఖమ్మం పోవాలేమో, పోయి ఏం కొనాలి, గౌన్లు కొనాలి, కుచ్చుల గౌన్లు, మెడ దగ్గర గుండీ బదులు ముడి ఉండేవి, చిన్నపిల్లలు గుండీలు నోట్లో పెట్టుకుంటారు, అనుకుంది, అనుకుని కలం మూత పెట్టి మళ్లీ తీసింది.

పక్కింటి ముత్తక్కకు ఎవరు చెప్పారో, బొగ్గు గనిలో చేసి రిటైరైన పగిడయ్య భార్య, ఈ లైన్‌లో ఆమెకు తెలియనిది ఉండదు, పొద్దున నల్లా దగ్గర బిందెలు వరసగా పెట్టి ఉండగా, ఏందే హేమా, ఇమానం ఎక్కుతున్నవట, కిటికీ పక్కన కూసోకు తల్లీ, ఉమ్మెయ్యాలన్నా అద్దం తెరువరాదట, అని అందర్నీ నవ్వించింది, తనూ నవ్వింది, ఆ నవ్వు ఆగకముందే, అయినా ఢిల్లీకి ఖమ్మంల రైలెక్కితే పోతది గద, రెండేండ్ల సంది ఎక్కని రైలు ఉండంగ ఇమానం ఎందుకే నీకు, అంది, బిందె నిండి పొర్లిపోతున్నా హేమలత తీయలేదు, ముత్తక్కే తీసి పక్కన పెట్టింది, నిజమే, రైలు ఎటూ పోలేదు, రోజూ పోతూనే ఉంది, కానీ రైలెక్కి పోతే పనిగట్టుకుని వచ్చినట్టు ఉంటుంది, ఎందుకొచ్చారని అడక్కపోయినా అక్కడ బావ వాళ్ల ముఖాల్లో ఆ అడగడం కనబడుతుంది, అదే విమానమైతే, ఏం లేదు బావా, టికెట్లు ఉత్తగనే వచ్చినయ్, పాడైపోతయని వచ్చినం, అని నవ్వుకుంటూ గుమ్మంలో నిలబడొచ్చు, ఆ మాట ఎన్నిసార్లు లోపల అనుకుని చూసుకుందో, ఉత్తగనే దగ్గర గొంతు ఎంత తేలిక చేయాలో, చెప్పులు ఎక్కడ విడవాలో, సంచి ఏ చేతిలో ఉండాలో, రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి, ఎత్తుకోవడానికి.

చిన్నదాన్ని ఎవరూ గుంజుకోలేదు, గుంజుకుని ఉంటే తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేది, రెండో కాన్పు తర్వాత తనకు పచ్చకామెర్లు, పాలు లేవు, తోటికోడలు ద్వాలక్క, పెళ్లయి తొమ్మిదేళ్లయినా కడుపు పండని ద్వాలక్క, మూడు నెలలు పిల్లను గుండెల మీద పండబెట్టుకుని సాకింది, మంగళవారం పుట్టిందని మంగ్లి అని పిలిచింది కూడా ఆమే, తర్వాత బావ రామ్‌చందర్‌కు ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు నౌకరీ వచ్చింది, ఇక్కడ కోటేష్‌కు కాంట్రాక్టరు మారి గేటు పాసు పోయింది, నాలుగు నెలలు మిల్లు కూత వినడమే తప్ప లోపలికి పోయింది లేదు, పర్మినెంటు అవుతాడని అప్పుడు ఎవరికి తెలుసు, కుసుమంచి దగ్గర తండాకు పోయినప్పుడు తను జొన్నరొట్టెలు చేస్తుంటే అత్త పక్కన చేరి తమ భాషలో మెల్లగా అన్నది, బిడ్డా, పెద్దోడు నోరు తెరిచి అడగలేడు, నేను అడుగుతున్న, చిన్నది ఆడికి పోతే మంచి బడికి పోతది, నీ లెక్క నడుమ ఆగదు, నీ లెక్క నడుమ ఆగదు, ఆ ఒక్క మాటకు అటక మీది పుస్తకాల సంచి కళ్ల ముందుకు వచ్చింది, తొమ్మిదిదాకా క్లాసులో ఫస్టు, పదిలో దసరా సెలవులకు హాస్టలు నుంచి ఇంటికొస్తే సంచి అటకెక్కించి పెళ్లిచూపులకు కూర్చోబెట్టారు, ఆ సంచిలో లెక్కల నోటు సగం రాసి ఉంది, పెనం మీది రొట్టె తిరగేస్తూ, అవ్, అన్నది, తలూపింది, అంతే, ఆ రొట్టె మాడను కూడా లేదు, తండా పెద్ద నాయకు లాలు ఇంటి ముందు పెద్దమనుషులు కూర్చున్నారు, అందరికీ బెల్లం పంచారు, పదకొండు నెలల పిల్లను ఈ ఒడిలోంచి తీసి ఆ ఒడిలో పెట్టారు, కన్నదానివి, పిల్లకు ఐదేండ్లు నిండేదాక కంట్ల పడకు బిడ్డా, పిల్ల రెండు దిక్కుల నడుమ ఆగమైతది, అన్నాడు లాలు, తప్పు మాటేం కాదు, ఆయన చెప్పే పద్ధతిలో ప్రేమే ఉంది, పిల్ల ఏడవలేదు, ద్వాలక్క మెడలోని పూసలు పట్టుకుని ఆడుకుంటూ పోయింది, ఒక్కసారి ఏడిస్తే వెనక్కి తీసుకునేదే, నిజంగా తీసుకునేదా, ఏమో, ఏడవలేదుగా.

జామాయిల్ కర్ర లారీ ఒకటి మిల్లు వైపు పోతూ ఇల్లంతా కదిలించింది, అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి, ఆ మోత ఫోను మోతలాగా వినబడి లేవబోయి కూర్చుంది, పోయిన నెల అలాగే మోగింది, కోటేష్ కొత్త సెల్లు, అటు నుంచి ద్వాలక్క, హేమా, పిల్లతోని మాట్లాడుతవా, మాన్సీ, ఇటు రా, చాచీతో మాట్లాడు, బడిలో మాన్సీ అని రాయించారట, మంగ్లి అంటే అక్కడి పిల్లలు నవ్వుతారని, నమస్తే చాచీ, ఆప్ కైసీ హో, పిన్నీ ఎలా ఉన్నావని, గలగలమని నల్లాలో నీళ్లొచ్చినట్టు వచ్చింది గొంతు, బడిలో చదివిన హిందీ అంతా అటకెక్కినట్టయింది తనకు, తిన్నవా బిడ్డా, అన్నది, తిన్నవా బిడ్డా, ఇంకేం రాలేదు నోటికి, అటు వైపు పిల్ల ద్వాలక్కను, ఏం అంటోంది అమ్మా, అని హిందీలో అడగడం వినబడింది, ద్వాలక్క చెప్పబోతుండగా లైను పోయింది, మళ్లీ చేస్తానన్నాడు కోటేష్, వద్దులే, కూర మాడుతోంది, అంది తను, పొయ్యి మీద కూర లేదు, అతను పొయ్యి వైపు చూశాడు, చూసి సెల్లు జేబులో వేసుకున్నాడు.

ఇంకా కాలేదా, జల్దీ కానియ్యి, కూత పడుతది, అని కోటేష్ తల తుడుచుకుంటూ వచ్చాడు, పేరు రాసింది, అతని ఉద్యోగి నంబరు రాసింది, జీతం రాసింది, చక్కటి గుండ్రటి అక్షరాలు, పదో తరగతి పిల్ల అక్షరాలు, అక్కడే ఉండిపోయాయవి, తను ముసలిదైనా అవి అలాగే ఉంటాయేమో, చిన్న గడి ఒకటి మాత్రం ఖాళీగా మిగిలింది, దాని పక్కన పిల్లల సంఖ్య అని అర్థమయ్యే ఇంగ్లీషు, గీడ ఏం రాయాలె, అంది, తెలియక అడిగినట్టు, కోటేష్ తువ్వాలు ముఖం మీద కాసేపు అట్లాగే ఉంచుకుని, ఒకటి రాయి, అన్నాడు, రెండు రాస్తే రేషను కార్డు చూపియ్యమంటరు, అండ్ల ఒక్కటే ఉన్నది, ఉంటుంది ఒక్కటే, మండలాఫీసుకు పోయి చిన్నదాని పేరు తీయించి వచ్చింది అతనే, ఆ రోజు ఇంటికొచ్చి సైకిలు కడిగాడు, మట్టి లేని సైకిలును, చీకటి పడేదాకా, తను మగ్గుతో నీళ్లు పోసింది, ఇద్దరూ కలిసి దాని గురించి మాట్లాడుకున్నది అదొక్కసారే, మాట్లాడకుండా.

టిఫిను డబ్బా కడుతుంటే కవిత వచ్చి పాంప్లెట్టు చేతిలోకి తీసుకుంది, విమానం తోక మీద వేలు పెట్టి, అమ్మా, నన్ను ముత్తక్క దగ్గర ఉంచి మీరిద్దరే పోతరా, అంది, అవ్ బిడ్డా, నాలుగు రోజులే, అంది తను, మరి వచ్చేటప్పుడు చెల్లె నీ ఒళ్లె కూసుంటదా, అంది కవిత, హేమలత చేతిలోని పప్పు గిన్నె మూత కిందపడి గిరగిరా తిరిగింది, వచ్చేటప్పుడు అని ఎవరన్నారు, ఎవరూ అనలేదు, సంపత్ అనలేదు, కోటేష్ అనలేదు, తను తనతో కూడా అనుకోలేదు, పిల్ల మాత్రం నిన్న గడప మీద కూర్చుని, పదకొండు నెలలు అన్న మాట విని, తల్లి లెక్కంతా చదివేసింది, పోను ఇద్దరు, రాను ఇద్దరు, ఇంకొకరు ఒడిలో, టికెట్టు అక్కర్లేదు, అందుకే కదూ ఈ సన్నక్షరాల్లో అన్నిటికన్నా ఆ ఒక్క వాక్యమే పదిసార్లు చదివింది, అందుకే కదూ రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకుంది, నేను కూసోని సూపిస్త, గిట్లనే కదా, అంటూ కవిత వచ్చి ఒడిలో కూర్చుంది, కూర్చుంటే దాని కాళ్లు తల్లి మోకాళ్లు దాటి నేలకు ఆనాయి, తల వచ్చి గడ్డానికి తగిలింది, ఎముకలు తొడలకు గుచ్చుకున్నాయి, ఎంత బరువు, ఎప్పుడు పెరిగింది ఇంత, రోజూ చూస్తున్నదే తనకు తెలియలేదు.

పెట్టెలో చీరల కింద పెట్టిన ఫొటో తీసింది, ఎండాకాలంలో ద్వాలక్క పంపింది, వచ్చిన రోజు ఒక్కసారి ముఖం మాత్రం చూసి దాచేసింది, ఇప్పుడు కింద నుంచి చూసింది, నల్ల బూట్లు, తెల్ల సాక్సులు, మోకాళ్లు, ఒక మోకాలి మీద మానిన దెబ్బ మచ్చ, ఎక్కడ పడిందో, ఎవరు ఊదారో, స్కూలు సంచి, ఒక చెయ్యి ఎత్తి గేటు గొళ్లెం అందుకుంటోంది, తనే తెరుచుకుంటోంది, పదకొండు నెలలు, దానికి రెండేళ్ల మూడు నెలలు కలిపితే, లెక్కల్లో ఫస్టు వచ్చిన పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టుకుంది, మూడేళ్ల రెండు నెలలు.

ఫారం ఇయ్యి, టైమైంది, అన్నాడు కోటేష్ గుమ్మంలోంచి, వద్దు, అంది, ఏమైందే మళ్లా, నిన్నటి సంది పోదమన్నది నువ్వే కదా, అన్నాడు, పిల్లకు టికెట్టు పడుతది, అంది హేమలత, ఏ పిల్లకు, అనబోయి ఆగిపోయాడు, ఆమె చేతిలో ఫొటో ఉంది, చెప్పులు తొడుక్కున్న కాలితోనే లోపలికి ఒక అడుగు వేసి, వేసినవాడు ఏం చేయాలో తెలియక టిఫిను డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, ఐదేండ్లు నిండినంక రైల్ల పోదం, నేను సెలవు పెడత, చాచీ చాచాల లెక్క పోయొద్దం, అన్నాడు, అవ్, అంది, రొట్టె తిరగేస్తూ అన్న అప్పటి అవ్ కాదిది, కూత పడింది, సైకిలు చప్పుడు మలుపు తిరిగి లారీల మోతలో కలిసిపోయింది.

ఎవరికీ ఇవ్వని ఫారం ఎదురుగా ఉంది, ఇక దీన్ని ఎవరూ చూడరు, రేషను కార్డు పెట్టి సరిచూడరు, కలం మూత తీసి, పిల్లల సంఖ్య దగ్గర ఖాళీగానే వదిలిన గడిలో గుండ్రంగా రెండు అని వేసింది, ఫొటోను ఆ కాగితంలో చుట్టి చీరల కింద పెట్టింది, కవిత ఇంకా ఒడిలోకి రావాలని చూస్తుంటే రానిచ్చింది, కాళ్లు నేలకు ఆనినా సరే, గుచ్చుకున్నా సరే, ద్వాలక్క దగ్గర ఉన్నది గేటు గొళ్లెం అందుకునే మాన్సీ, ఆ పిల్ల సుఖంగానే ఉంది, తను ఇన్నాళ్లూ తెచ్చుకుందామనుకున్న పిల్ల అక్కడ లేదు, ఒడిలో పట్టే ఆ పదకొండు నెలల మంగ్లి ఏ ఊళ్లోనూ లేదు.