పదిహేడో నంబరు మెట్టు

నేను ఒక వేపచెక్క మెట్టును. నా పైన ఇంకో మెట్టు లేదు, కింద ఇంకో మెట్టు లేదు. జానెడు ఎత్తు, మూరెడు పొడవు, అంతే. నల్లగొండలో నన్ను తయారుచేసిన వడ్రంగి మోనాచారికి కూడా నవ్వొచ్చింది.

"ఒక్క మెట్టుతోని యాడికెక్కుతరమ్మా?"

"ఎక్కడానికి కాదు, దిగడానికి," అంది హైమవతి.

ఆమె ఫిజియోథెరపిస్టు. తాటిచెట్లెక్కి కల్లు తీసే గీత కార్మికుల మడమల మీద పరిశోధన చేస్తోంది. పిక్క కండను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది ఒకటుంది. డాక్టర్లు దాన్ని టెండన్ అంటారు, ఊళ్లో మడమ నరం అంటారు. ఏళ్ల తరబడి చెట్టుకు పాదాలు తన్నిపెట్టి ఎక్కేవాళ్లకు అది వాచి గట్టిపడుతుంది. పొద్దున లేచి నాలుగడుగులు కూడా వెయ్యనివ్వదు. దానికి విశ్రాంతి మంచిదా, కసరత్తు మంచిదా? అదే ఆమె తేల్చాలి.

కసరత్తు నా అంచు మీద. మునివేళ్లతో నిలబడి, రెండు మడమలూ పైకెత్తి, నొప్పి ఉన్న కాలి మీద బరువు వేసి మెల్లగా కిందికి దించాలి. రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. నలభై మంది చీటీలు తీశారు. ఇరవై మందికి మెట్టు వచ్చింది, ఇరవై మందికి విశ్రాంతి.

నా వీపున పదిహేడు అని రాసి బుర్ర కొమురయ్యకు ఇచ్చారు. ఆయనకు ఎడమ మడమ నొప్పి. ఇంటి అరుగు మీద గుంజ పట్టుకుని, పళ్లు బిగించి, నా మీద నిలబడేవాడు. ఆ ఎండపొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగా ఉంటుంది.

అదే ఊళ్లో ఆయన బామ్మర్ది వీరస్వామికి కుడి మడమ నొప్పి. అతనికి విశ్రాంతి చీటీ వచ్చింది.

"నీకు మెట్టొచ్చె, నాకు మంచమొచ్చె. కొత్తల్లుని లెక్క పండవెట్టిర్రు బావా!"

"మూతి ముడువకుర. నాదయినంక నువ్వెక్కు. ఎవ్వలు చూడొచ్చిర్రు?"

అలా చీటీ విడదీసిన ఇద్దరినీ నేను కలిపాను. అది తప్పని వాళ్లకు తోచనే లేదు. కల్లు ముంత ఒకరి చేతి నుంచి ఒకరికి మారే అరుగు మీద, మందు మాత్రం ఒక్కడిదే ఎలా అవుతుంది?

పన్నెండు వారాలయ్యాక హైమవతి అందరి మడమలూ పరీక్షించింది. విశ్రాంతి తీసుకున్నవాళ్లకూ దాదాపు అంతే నయమైంది! 'విశ్రాంతి చాలు' అని రాయడానికి ఆమె కలం తీసింది. ఆ మాట అచ్చయితే జిల్లాలోని గీత కార్మికులంతా చెట్టు దిగి నెలల తరబడి మంచాన కూర్చోవాలి.

అప్పుడే వాపసు వచ్చిన మెట్లను వరుసగా పేరుస్తూ నా దగ్గర ఆగింది. కొమురయ్య ఎడమ పాదం ఆనిన చోట మరక ముదురుగా, కుడి చోట లేతగా ఉండాలి. నా మీద రెండూ ఒకేలా నల్లబడి ఉన్నాయి.

కొమురయ్యకు కబురు పెడితే బావాబామ్మర్దులు ఇద్దరూ వచ్చారు.

"కొమురయ్యా, ఈ కుడికాలు ఎవరిది?"

వీరస్వామి చెయ్యెత్తాడు. "నాదే తల్లీ. బావను ఏమనకు."

ఆమె ప్రొఫెసరు తేలిగ్గా తీసుకున్నాడు. "ఒక్కడే కదమ్మా, తీసేసి రాసెయ్." ఆమె వినలేదు. బస్సులెక్కి విశ్రాంతి చీటీల ఇళ్లన్నీ తిరిగింది. ఎనిమిది మంది ఎవరో ఒకరి మెట్టు ఎక్కినవాళ్లే! 'ఈ పోలిక చెల్లదు' అని తన చేత్తోనే రాసింది. డిగ్రీ రెండేళ్లు వెనక్కి పోయింది. కొమురయ్య బతిమాలితే నన్ను ఆయనకే ఇచ్చేసింది.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆమె మనుషులకు చీటీలు వెయ్యలేదు, ఊళ్లకు వేసింది. ఒక ఊరంతా మెట్టు, ఒక ఊరంతా విశ్రాంతి. పన్నెండు వారాలు గడిచాక విశ్రాంతి ఊళ్లకూ మెట్లు పంపుతానని మాటిచ్చింది. కొమురయ్య ఊరికి విశ్రాంతి వచ్చింది.

మర్నాడే ఆయన నన్ను చంకలో పెట్టుకుని ఆమె గదికి వచ్చాడు. నడకలో కుంటు లేదు.

"అదేంటి కొమురయ్యా, నీకిచ్చేశాను కదా?"

"వాపసు తీస్కో తల్లీ. మా పక్కింటి సాయిలు గాడు కుంటుకుంట వస్తుండు. ఇది ఇంట్ల ఉంటే ఇయ్యకుంట ఉండలేను. ఇస్తే నీ చదువు మళ్ల పాడయితది."

నన్ను బల్ల మీద పెట్టి, అంచును ఒకసారి నిమిరి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఈసారి లెక్క తేలింది. మెట్టు ఎక్కిన ఊళ్లు ముందుగా చెట్టెక్కాయి. ఇచ్చిన మాట ప్రకారం మిగతా ఊళ్లకూ కొత్త మెట్లు వెళ్లాయి. నేను మాత్రం ఆమె గదిలో, ఈ అద్దాల బీరువాలో ఉండిపోయాను. హైమవతి శిష్యులు వచ్చి నన్ను గౌరవంగా చూస్తారు. ఎవరూ కాలు మోపరు.