గోడల బాబాయి

తన బతుకు ఇలా గోడల పాలవడానికి కారణం కెప్టెనే అని గోడల బాబాయి రోజూ పనిలో కూర్చోగానే ఒకసారి అనుకుంటాడు. పైకి అనడు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో కంట్రోలర్, ఎదురుగా తెర మీద ఇనుప కవచం తొడుక్కున్న సైనికుడు. ఆ సైనికుణ్ణి అంతరిక్ష నౌకలోని గోడకు ఆనించి, భుజం రాసుకుంటూ, ఈ మూల నుంచి ఆ మూలకు నడిపించాలి. ఎక్కడైనా గోడ మెత్తబడి మోచెయ్యి లోపలికి దిగబడితే అది తప్పు. దాన్ని సిస్టంలో ఎక్కించాలి. దిగబడకపోతే తర్వాతి గోడ.

ఒకప్పుడు జనం ఎగబడి ఆడిన తుపాకుల వీడియో గేములు అవి. మూడు భాగాలకూ కొత్త రంగులు పూసి, కొత్త వెలుగులు అద్ది, మళ్ళీ అమ్మబోతూ, ముందుగా తప్పులు వెతికిస్తున్నారు. రాక్షసులను కాల్చి చూసే పని కుర్రాళ్ళది. బాబాయికి దక్కినవి గోడలు. అతని ఆటలో శత్రువులుండరు, తీసేసి ఇస్తారు. చావు కూడా ఉండదు, అదీ తీసేసే ఇస్తారు. ఎవడూ చంపని, ఎవణ్ణీ చంపని ఆ సైనికుడు ఖాళీ నౌకలో గుడ్డివాడిలా తడుముకుంటూ పొద్దస్తమానం తిరుగుతుంటాడు.

హాలు కిటికీలకు నల్ల కాగితం అంటించారు, తెర మీద వెలుతురు పడకూడదని. బయట ఎండ కాస్తోందో వాన కురుస్తోందో లోపలివాళ్ళకు తెలియదు. ఆట రహస్యాలు బయటికి పొక్కకూడదని ఫోన్లు గుమ్మం దగ్గరే అరల్లో పెట్టించేస్తారు. ఏసీ గాలి సరిగ్గా బాబాయి మెడ మీదికే కొడుతుంది. కుర్చీ మార్చమని రెండుసార్లు అడిగాడు. మారుస్తామన్నారు. మెడకు తువ్వాలు చుట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు.

"బాబాయ్, ఏ గోడ మీద ఉన్నావ్?" పక్క కుర్చీలోంచి చెవిపోగు అడిగాడు. ఎడమ చెవికి పోగు పెట్టుకుంటాడు కాబట్టి వాడా పేరుతోనే చలామణీ అవుతున్నాడు. వాడిది తుపాకుల విభాగం.

"నీ పెళ్ళినాటికి పూర్తయ్యే గోడ మీద."

"అయితే నిదానంగా కానీ. నాకింకా సంబంధాలే రావట్లేదు."

బాబాయి నవ్వకుండా మీట నొక్కాడు. ఈ కొత్త ఆటలో అదొక సౌకర్యం. ఆ మీట నొక్కితే కొత్త రంగులన్నీ ఎగిరిపోయి పాత బొమ్మ కనిపిస్తుంది. గది అదే, తలుపు అదే, గొట్టాలు అవే. కాకపోతే గరుకుగా, బూడిదరంగులో, అట్టముక్కలతో చేసినట్టుంటుంది. అది కనిపించగానే బాబాయి ముక్కుకు పాత షాపు వాసన తగులుతుంది. వేడెక్కిన టీవీ, చెమట, పక్క చెప్పుల దుకాణంలోంచి వచ్చే తోలు కంపు.

చెప్పుల దుకాణానికీ దర్జీ కొట్టుకీ మధ్య ఇరుకు గది అది. బాబాయీ అతని పెద్ద తోడల్లుడూ కలిసి పెట్టిన వీడియో గేముల షాపు. బాబాయి ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఎన్ని పనులు పట్టాడో అన్నీ వదిలేశాడు. ఈ ఒక్క పనిలో మాత్రం పాతుకుపోయాడు. మొదటి కంట్రోలర్ ఎప్పుడూ పెద్ద తోడల్లుడిదే. అందుకే వచ్చేపోయే పిల్లలు ఆయనకు కెప్టెన్ అని పేరు పెట్టారు. రెండో కంట్రోలర్ పట్టినవాడికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

బాబాయి భార్యకు కాన్పు కష్టమై ఆసుపత్రిలో ఉన్న వారంలో కెప్టెన్ ఆ షాపును దర్జీకి ఇచ్చేసి, ఊళ్ళో కొత్తగా కట్టిన మాల్‌లో గేముల హాలుకు భాగస్తుడిగా వెళ్ళిపోయాడు. బాబాయి తిరిగొచ్చి షట్టరు ఎత్తితే ఎదురుగా నిలువుటద్దం. అందులో గడ్డం మాసిన తనే నిలబడి ఉన్నాడు. పక్క కొట్టులోంచి దర్జీ టేపు మెడలో వేసుకుని వచ్చి, "కొలతలకా?" అని అడిగాడు.

ఆ రోజు నుంచి కెప్టెన్‌తో మాటల్లేవు. అక్కచెల్లెళ్ళు ఫోన్లలో మాట్లాడుకుంటారు, వీళ్ళిద్దరూ పెళ్ళిళ్ళలో చెరో మూలా కూర్చుంటారు. కానీ కెప్టెన్ ఎదురుపడితే అనాల్సిన మాటలు మాత్రం బాబాయి దగ్గర సిద్ధంగా ఉన్నాయి. గోడలు తడుముతూ వాటికి సాన పడుతుంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మాట దగ్గర ఆగి మొహంలోకి చూడాలో అన్నీ కుదిరాయి. ఆ నాలుగు మాటలూ ఆయన చెవిన వెయ్యకుండా చావకూడదన్నది ఒక్కటే అతనికి మిగిలిన పట్టుదల.

ఆ ఉదయం సైనికుడు రెండో భాగంలో విమానాలు నిలిపే పెద్ద గదికి చేరాడు. మూలలో రెండు గొట్టాలు. బాబాయి వేళ్ళు ఆగిపోయాయి. పక్కనున్న రెండో కంట్రోలర్ ఆన్ చేశాడు. రెండో సైనికుణ్ణి తెచ్చి గొట్టాల మధ్య గొంతుక్కూర్చోబెట్టాడు. మొదటివాణ్ణి వాడి భుజాలెక్కించి, వీపు గోడకు పెట్టి ఎగిరించాడు.

సైనికుడు గోడలోంచి అవతలికి జారిపోయాడు.

అవతల నేల లేదు, ఆకాశం లేదు. బూడిదరంగు శూన్యం. అక్కణ్ణుంచి చూస్తే నౌకలోని గదులన్నీ గాల్లో వేలాడే అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. లోపల ఉన్నవాడు కనిపిస్తాడు, వాడి దగ్గరకు మాత్రం పోలేం. లోపలివాడు వెళ్ళి తర్వాతి తలుపు దాటాలి. వాడు దాటితే రెండోవాడు ఎక్కడున్నా సరే, ఆటే లాక్కొచ్చి పక్కన నిలబెడుతుంది. షాపు రోజుల్లో బాబాయి ఇలా అవతల పడితే, కెప్టెన్ తలుపు దాకా వెళ్ళి కావాలనే ఆగిపోయేవాడు. "ఉండు తమ్ముడూ, టీ తాగి దాటతాను" అనేవాడు. షాపు నిండా పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. బాబాయి శూన్యంలో వేలాడుతూ తనూ నవ్వేవాడు.

ఇన్ని రంగులు పూసినా ఆ కంత అలాగే ఉంది. దాన్ని సిస్టంలో ఎక్కించబుద్ధి కాలేదు. సైనికుణ్ణి అలాగే వదిలేసి భోజనానికి లేచాడు.

అరలోంచి ఫోన్ తీయగానే మోగింది. వదిన. భార్యకు అక్క, కెప్టెన్ భార్య. అతనికి ఆమె ఎప్పుడూ ఫోన్ చేయదు.

"మరిదిగారూ, మీ అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నారు. కిడ్నీలు. డయాలసిస్ మిషన్ మీదే నడుస్తోంది. మిమ్మల్ని పిలవమంటున్నారు."

"ఇప్పుడు గుర్తొచ్చానా?"

"మీ ఇద్దరి సంగతి నాకెందుకు చెప్పండి. పిలవమన్నారు, పిలిచాను."

డబ్బా మూత తీయకుండానే బాబాయి హాల్లోకి తిరిగొచ్చాడు. ఇన్నేళ్ళూ లేని తమ్ముడు చావు దగ్గరపడితే కావాల్సొచ్చాడు. సర్రున మండింది. కూర్చుని, కంత ఎక్కడుందో, ఎలా దూరాలో చిత్రంతో సహా సిస్టంలో ఎక్కించేశాడు. సాయంత్రానికల్లా అవతలి గదిలోని ప్రోగ్రామర్లు దాన్ని పూడ్చేశారు. బాబాయి మళ్ళీ ఎక్కి ఎగిరించి చూశాడు. సైనికుడి వీపు గోడకు తగిలి ఠంగుమంది.

"ఏంటి బాబాయ్, మొహం వెలిగిపోతోంది?" అన్నాడు చెవిపోగు.

"ఒకాయనకు శుభవార్త చెప్పాలి" అని తువ్వాలు మడిచి లేచాడు.

ఆసుపత్రి వార్డులో చివరి మంచం. దుప్పటి కింద మనిషి ఉన్నాడంటే నమ్మబుద్ధి కాలేదు. మొహం ఉబ్బి, కాళ్ళు ఉబ్బి, మధ్యలో మనిషి కరిగిపోయినట్టున్నాడు. చేతిలో ఒక కమలాపండు. బొటనవేలి గోరుతో దాని తొక్క గిల్లుతూ వాసన చూస్తున్నాడు.

"తినకూడదంట" అన్నాడు కెప్టెన్, నిన్ననే విడిపోయినట్టు. "నీళ్ళు కూడా కొలిచి పోస్తున్నారు. వాసనకు అభ్యంతరం లేదంటే ఇది తెప్పించాను. కూర్చో తమ్ముడూ."

బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. వదిన మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళింది.

"మన ఆటలకు రంగులేస్తున్నారటగా. నువ్వు అక్కడే చేస్తున్నావని మీ వదిన చెప్పింది. ఆ కంత ఉందా ఇంకా?"

బాబాయి దీని కోసమే వచ్చాడు. "ఉండేది. పొద్దున దాకా ఉంది. నేనే పట్టుకుని పూడ్పించాను."

కెప్టెన్ అతనివైపు చూసి, పొట్ట కదిలేలా నవ్వి, దగ్గొచ్చి ఆగాడు. "మంచిపని చేశావు. ఎవడో ఒకడు అందులో పడి ఏడ్చేవాడు."

అనుకున్న చోట దెబ్బ తగల్లేదు. బాబాయి గొంతు సవరించుకున్నాడు. "షట్టరెత్తితే అద్దం కనబడింది నాకు."

"తెలుసు. దర్జీ చెప్పాడు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా?"

కెప్టెన్ పండు వాసన చూశాడు. "చెబితే నువ్వు వద్దనేవాడివి. నీకా గది చాలు. ఆ మాల్‌వాళ్ళు ఒక్కడికే చోటుందన్నారు. సరే, ముందు నేను దాటేస్తే, తమ్ముణ్ణి వెనకే లాగొచ్చు అనుకున్నాను. అలవాటు మరి. అన్నేళ్ళు అలాగే ఆడాంగా."

"నేను రాలేదుగా."

"రాలేదు. దాటి పక్కకు తిరిగి చూశాను, నువ్వు లేవు. ఏడాది తిరక్కుండా నన్నూ వాళ్ళు గెంటేశారు. ఏ మొహం పెట్టుకుని రాను?"

 బాబాయి ఇన్నేళ్ళు సాన పెట్టిన మాటలు దీనికి పనికిరావు. ఇంత మతిలేని పని చేసినవాణ్ణి తిట్టడానికి వేరే మాటలు కావాలి. అవి వెతుక్కోవాలి.

ఇద్దరు ఆయాలు చక్రాల మంచం తెచ్చారు. మిషన్ వేళయిందన్నారు. చేతిలోది లోపలికి పనికిరాదని కెప్టెన్ చేతిలోంచి పండు తీసి స్టూలు పక్కన బల్ల మీద పెట్టారు.

"వచ్చాక ఎక్కడికి కదుల్తావో చూస్తాను. తిట్టాల్సింది చాలా ఉంది" అన్నాడు బాబాయి.

"ఓపిగ్గా తిట్టు. నాకు మాత్రం ఎక్కడికెళ్ళే పనుంది?" అన్నాడు కెప్టెన్. మంచం వార్డు తలుపు దాటింది. రెండు రెక్కలూ కాసేపు ఊగి నిలిచాయి.

బాబాయి ఒంటరిగా కూర్చుని మాటలు మళ్ళీ మొదట్నుంచి పేర్చుకున్నాడు. అద్దం సంగతి వెనక్కి జరిపాడు. వెధవా, మనుషుల్ని ఎవడు లాగుతాడురా అవతలికి, చెయ్యి పట్టుకుంటే తప్ప, అని ముందు అనాలి. అన్నయ్యా అని పిలిచి అనాలా, పిలవకుండా అనాలా అన్నది తేలలేదు. పిలిచే అందామనుకున్నాడు.

అవతలి మంచం రోగికి భోజనం వచ్చింది. ఆయన తినడం అయ్యేవేళకు వదిన కనబడింది. నడక చూస్తేనే తెలిసిపోయింది. వచ్చి ఖాళీ మంచం అంచున కూర్చుంది.

"మిషన్ తగిలించకముందే" అంది.

బాబాయి తలవంచుకున్నాడు. ఆమే అడిగింది. "మాట్లాడుకున్నారా మీరిద్దరూ?"

"సగమే అయింది వదినా."

ఆమె కాగితాల మీద సంతకాలకని లేచింది. అతను స్టూలు మీదే ఉండిపోయాడు. ఆయా వచ్చి దుప్పటి లాగేసింది, దిండు గలీబు ఊడదీసింది. బల్ల మీద కమలాపండు ఉంది. తొక్కంతా చంద్రవంకల్లాంటి గోటి గాట్లు, వాటి అంచుల్లో ఇంకా ఆరని తడి.